బాయి మూతపడకముందే బొగ్గు పట్టణం చేసుకోవలసిన ఏర్పాట్లు

బెల్లంపల్లి చుట్టూ పాత భూగర్భ గనులు ఒక్కొక్కటిగా మూతపడుతున్నప్పుడు అక్కడి బజారు ఎలా పలచబడిందో చూసినవారికి, గని పట్టణం జీతం రోజు మీద ఎంతగా ఆధారపడి బతుకుతుందో వేరే చెప్పనక్కరలేదు. బాయి, అంటే బొగ్గు గని, మూసిన నాడే ఊరు దెబ్బతింటుందని అనుకుంటాం గానీ, ఆ దెబ్బ చాలా ముందే మొదలవుతుంది. 1990ల ఆరంభంలో లక్షకు పైగా ఉన్న సింగరేణి కార్మికుల సంఖ్య నేడు సుమారు 40 వేలకు దిగింది. బొగ్గు మాత్రం తగ్గకపోగా 2023-24లో 7 కోట్ల టన్నులకు చేరింది. మనుషులు తట్టా చెమ్మస్ (పార) పట్టి చేసిన పనిని ఓపెన్‌కాస్టులూ (నేలను పైనుంచే తవ్వే గనులు) భారీ యంత్రాలూ చేస్తున్నాయి. కాబట్టి మందమర్రి, శ్రీరాంపూర్, గోదావరిఖని, భూపాలపల్లి వంటి చోట్ల ఇతర జీవనోపాధుల కోసం ప్రయత్నం గని నడుస్తుండగానే, ఊళ్లో ఇంకా జీతాలు తిరుగుతుండగానే మొదలుకావాలి.

మొదటి పని లెక్క. కాలనీలో నూరిళ్లు ఎంచుకొని, జీతం వచ్చాక ఏ వస్తువుకు ఎంత ఖర్చవుతోందో, ఆ వస్తువు ఏ ఊరినుంచి వస్తోందో ఒక నోటుబుక్కులో రాయండి. వెయ్యి ఇళ్లు రోజుకు లీటరు చొప్పున ప్యాకెట్ పాలు కొంటున్నాయనుకుంటే, లీటరు 60 రూపాయల లెక్కన నెలకు 18 లక్షల రూపాయలవుతుంది. అందులో సగమైనా చుట్టుపక్కల పల్లెల పాడి రైతులకు చేరితే, ఒక కొత్త ఆదాయం నిలబడినట్టే. కూరగాయలు, గుడ్లు, మోటారు వైండింగు, ఇంటి మరమ్మతులు కూడా ఇదే వరుసలో చూడండి.

శిక్షణ కంటే ముందు కొనేవాళ్లను వెతకాలి. మా కాలనీలో ఒకసారి ఆడవాళ్లకు మూడు నెలలు కుట్టు నేర్పి, తలా ఒక మిషను ఇచ్చారు. కుట్టిన బట్ట ఎవరు కొంటారని మాత్రం ఎవరూ అడగలేదు. ఆ మిషన్లలో ఒకటి ఇప్పటికీ మా పక్కింట్లో గుడ్డ కప్పి ఉంటుంది, దాని మీద మందుల డబ్బా పెట్టుకున్నారు. ప్రభుత్వ పాఠశాలల యూనిఫాంలు స్వయం సహాయక సంఘాలతో కుట్టిస్తున్న ఈ కాలంలో, ఆ ఆర్డరు కోసం ముందుగా ఆ సంఘాల మండల సమాఖ్యతో మాట్లాడి, దానికి సరిపడా మందికే నేర్పించడం మేలు.

గనిలో పనిచేసిన చేతుల విలువను మనమే తక్కువగా చూస్తున్నాం. నడుముల్లోతు నీళ్లలో, టోపీ దీపం వెలుగులో పంపు విప్పి బిగించిన ఫిట్టరు పెద్దపల్లి రైసు మిల్లులోనో వరంగల్ జిన్నింగ్ మిల్లులోనో ఏ యంత్రానికైనా సమాధానం చెప్పగలడు, కానీ చూపించడానికి కాగితం ఉండదు. ఇదివరకే వచ్చిన పనికి పరీక్ష పెట్టి ధ్రువపత్రం ఇచ్చే ఏర్పాటు కేంద్ర నైపుణ్య పథకంలో ఉంది. పదవీ విరమణకు ముందే ఫిట్టర్లు, వెల్డర్లు, ఎలక్ట్రీషియన్లు దాన్ని తీసుకొని, పదిమంది కలిసి ఒక మరమ్మతు కేంద్రం పెట్టుకోవచ్చు.

భూమి విషయంలో తొందర ఎంతమాత్రం పనికిరాదు. పాత భూగర్భ గని మీది నేల చూపుకు చదునుగా ఉన్నా, కింద పైకప్పుకు ఆధారంగా వదిలిన బొగ్గు స్తంభాలను కూడా తీసేసిన చోట అది ఎప్పుడైనా కుంగవచ్చు. షెడ్డు వేసేముందు కింద ఎక్కడెక్కడ తవ్వారో చూపే పటాన్ని గని సర్వే విభాగం దగ్గర చూసి, ఏ భాగంలో స్తంభాలు తీశారో, ఏ భాగంలో ఇసుక నింపారో రాతపూర్వకంగా తెలుసుకోవాలి. ఓపెన్‌కాస్టు గుంతలో నిలిచిన నీళ్లలో చేపలు వేయాలన్నా, పొలానికి పారించాలన్నా ముందు నీటి పరీక్ష చేయించాలి, గట్లు జారే ప్రమాదం లేదని నిపుణుల చేత నిర్ధారించుకోవాలి. గని తవ్వి పోసిన మట్టి కుప్పలున్న నేల అటవీ భూమి అయితే దాన్ని ఊరు సొంతమనుకొని ప్రణాళిక వేసుకోకూడదు. 2009 నుంచి ప్రతి గనికీ మూసివేత ప్రణాళికా, దానికోసం ప్రత్యేక ఖాతాలో సొమ్మూ ఉండాలన్న నిబంధన ఉంది; ప్రజాభిప్రాయ సేకరణ జరిగిన రోజున ఆ ప్రణాళిక ప్రతిని అడగండి.

2015 చట్ట సవరణతో వచ్చిన జిల్లా ఖనిజ ట్రస్టు నిధి గని ప్రభావిత ప్రజలదే. సీసీ రోడ్లు అడగడం సులువే గానీ, నైపుణ్య శిక్షణా జీవనోపాధీ కూడా ఆ నిధి పరిధిలో ఉన్నాయి గనుక గ్రామసభ తీర్మానంలో వాటినే ముందు రాయించాలి.

పంట సరుకును శుద్ధిచేసే చిన్న యూనిట్లకు మంచి అవకాశముంది. నెన్నెల, బెల్లంపల్లి వైపు మామిడి తోటలున్నాయి. అయితే మామిడి రెండు మూడు నెలల సరుకు; దాన్నే నమ్మిన యూనిట్ మిగతా నెలల్లో వడ్డీ కట్టలేకపోతుంది. అందుకే పసుపు, మిర్చి, కంది కూడా ఆడించగల యంత్రాలే కొనాలి. 2020లో మొదలైన కేంద్ర సూక్ష్మ ఆహార శుద్ధి పథకంలో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల రాయితీ ఉంది. రైతు ఉత్పత్తిదారుల కంపెనీకి పదిమంది రైతులు చాలు.

సౌర విద్యుత్ కేంద్రాలు కావలసినవే, కానీ కట్టడం పూర్తయ్యాక వాటిలో పని కొద్దిమందికే దొరుకుతుంది. రామప్పకు వచ్చే యాత్రికులు భూపాలపల్లిలో ఒక పూట ఆగినా సంతోషమే, దాని మీద అప్పు మాత్రం చేయవద్దు.

ఏటా అదే నెలలో నోటుబుక్కు తీసుకొని, అవే నూరిళ్లకు వెళ్లి, అవే ప్రశ్నలు అడగండి. పాల డబ్బు ఇంకా బయటికే పోతుంటే, పాడి రైతు సరఫరాలో ఎక్కడ ఆగిపోతున్నాడో ఆ వారమే వెళ్లి కనుక్కోండి.