ఎప్పుడో గీసిన పాత బొమ్మ మీద మళ్లీ చెయ్యి పెట్టే ముందు

కడప ఎండల్లో అక్రిలిక్ రంగు (నీళ్లతో కలిపి వేసేది) ప్లేటులోనే ఎండిపోతుంది. పని పొద్దున్నే పెట్టుకోండి, ఫ్యాన్ ఆపేయండి.

– ముందు ఫోటో. ప్రతి దశకూ ఒకటి.

– బొగ్గు గీతలుంటే ఫిక్సేటివ్ (బొగ్గు చెదరకుండా పట్టి ఉంచే స్ప్రే) కొట్టి, ఆరాకే తడి రంగు వేయండి. లేదంటే అంతా బూడిద రంగు బురదే. స్ప్రే మిద్దె మీద కొట్టండి, పొయ్యి దగ్గర అస్సలు వద్దు. గాలి ఎటు వీస్తోందో చూసుకోండి. నేనొకసారి ఆరేసిన బట్టల మీద కొట్టాను, ఇంట్లో తిట్లు సరేసరి.

– ఆయిల్ పేస్టల్ (నూనె, మైనం కలిసిన రంగు కడ్డీ) మీద అక్రిలిక్ సరిగా పట్టదు, తర్వాత పెచ్చులూడుతుంది. పేస్టల్ చివర్లోనే.

– పలచటి కాగితం తడికి ఉబ్బుతుంది. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే మందపాటి కాగితం) అయినా సరే, నాలుగు అంచులూ టేపుతో అట్టకు అంటించండి.

– బొమ్మలో ఏ భాగాన్నైనా రంగుతో కప్పేసే ముందు పైన ట్రేసింగ్ పేపర్ పెట్టి గీసి చూడండి.