పోడు కొండపై కాఫీ తోట: ముందు నీడ చెట్ల సంగతి తేల్చుకోండి

పాడేరు, అరకు, చింతపల్లి కొండల్లో కాఫీ నీడలోనే పండుతుంది. కాబట్టి నారు పంచకముందే నీడకు ఏ చెట్లు వేయాలో ఊరివాళ్ళే తేల్చుకోవాలి.

నారు పంచేవాళ్ళు ముందు రైతులతో కలిసి కొండ ఎక్కండి. మగవాళ్ళను మాత్రమే అడిగితే కలపకొచ్చే సిల్వర్ ఓక్ అంటారు. అడ్డాకులు కుట్టే, వంటచెరకు మోసే, కాఫీ పండ్లు కోసే ఆడవాళ్ళను విడిగా అడిగితే పనస, చింత, నేరేడు పేర్లూ వస్తాయి. నేల మీద ముగ్గుతో వాలు గీయించి, ఉన్న చెట్లు, ఊటలు, పశువుల దారి అందులో గుర్తు పెట్టించండి. ఉన్న చెట్లు కొట్టొద్దు. అటవీ హక్కుల పత్రం ఎవరి పేరున ఉందో అప్పుడే చూడండి. తగాదా భూమిలో మొక్కల్ని ఎవరూ కాయరు.

సిల్వర్ ఓక్ త్వరగా ఎదుగుతుంది, మిరియాల పాదుకు మంచి ఆసరా. కానీ దాని ఆకు తొందరగా చివకదు. అందుకే మధ్యమధ్య పనస, నేరేడు కలపాలని మా మాట. ఖాళీ పోడులో వీటిని కాఫీకి రెండు మూడేళ్ళ ముందే నాటాలి. కాఫీ నాటాక కాపుకు మరో మూడు నాలుగేళ్ళు పడుతుంది. అందాకా చోళ్ళు (రాగులు), కంది, పసుపు, రాజ్‌మా సాగాల్సిందే. వాటిని మానుకోమంటే రైతు కాఫీనే వదిలేస్తాడు.

కాఫీకి ఆరడుగుల ఎడం, ఎకరాకు సుమారు 1,200 మొక్కలు. వరుసలు వాలుకు అడ్డంగా ఉండాలి. వేసవి తొలి జల్లులకు అడుగున్నర గుంతలు తవ్వి, ఆరనిచ్చి, పైమట్టీ పశువుల ఎరువూ కలిపి పూడ్చి, జూన్ వానలు పట్టాక నాటండి. సంచిలో తల్లివేరు మెలిక తిరిగితే ఆ కొన కత్తిరించండి. అలాగే నాటితే మొక్క ఎండలకు తట్టుకోదు.

మిరియం తీగలు రెండు మూడు, ఓక్ మొదలుకు ఉత్తరం వైపు, అడుగు దూరంలో నాటండి. దక్షిణాన వేస్తే ఎండకు మాడతాయి. నీరు నిలిస్తే వేరు కుళ్ళుతుంది.

నీడ పలచబడితే తెల్ల కాండం తొలుచు పురుగు వస్తుంది. ఏప్రిల్–మే, అక్టోబర్–డిసెంబర్ నెలల్లో, ఈ పురుగే ఎదిగి మారిన పెంకుపురుగులు ఎండ పడే కాండంపై బెరడు పగుళ్ళలో గుడ్లు పెడతాయి. ఆ నెలలకు ముందే కొబ్బరి పీచుతో వదులు బెరడు రుద్ది తీసి, 200 లీటర్ల నీటిలో 20 కిలోల సున్నం కలిపి పూయాలి. కాండంపై ఉబ్బు గీతలు కనిపిస్తే మొక్క పీకి కాల్చాలి. పచ్చగా ఉన్న మొక్కను కాల్చడానికి రైతుకు మనసొప్పదు. ఒక కాండాన్ని నిలువునా చీల్చి, పొట్టుతో నిండిన సొరంగం, అందులోని తెల్ల పురుగు చూపండి. నీడ మరీ చిక్కబడినా పూత తగ్గుతుంది. వానలకు ముందు నీడ చెట్ల కింది కొమ్మలు తీయించండి.

కోత మొదలవకముందే పల్పర్ (పండ్ల తొక్క తీసే యంత్రం) ఎవరి వాకిట్లో ఉండాలో, పండ్లు కడిగిన నీరు గెడ్డలో (కొండవాగులో) కలవకుండా ఇంకుడుగుంత ఎక్కడ తవ్వాలో కూర్చుని మాట్లాడుకోండి. ఎర్రబడిన పండ్లే కోసి అదే రోజు తొక్క తీయాలి. రాత్రంతా గోనెలో ఉంచితే పులిసి, గింజ రుచీ ధరా పడిపోతాయి.