కోనసీమ ఇంట్లో ఫ్లోరిడా ఫ్లాగ్‌ఫిష్: హీటర్ వద్దు, మూత మర్చిపోవద్దు

అక్వేరియంలో పెంచే చిన్న చేపల్లో కిల్లీఫిష్ ఒక రకం, ఆ పేరు అనగానే అందరూ ఆఫ్రికా రంగుల చేపలనే అనుకుంటారు గానీ అమెరికాలోనూ వాటి బంధువులు బోలెడున్నాయి, వాటిలో మన వాతావరణానికి నాకు బాగా నచ్చింది ఫ్లోరిడా ఫ్లాగ్‌ఫిష్, అంటే జోర్డనెల్లా ఫ్లోరిడే. మగదాని ఒంటి మీద ఎర్ర చారలు అమెరికా జెండాలా ఉంటాయని ఆ పేరు. మహా అయితే వేలెడంత. "పులుసుకి రాని చేపకి ఇంత సేవెందుకురా" అంటుంది మా నానమ్మ.

60 లీటర్ల ట్యాంకులో ఒక మగ, రెండు మూడు ఆడవి వేసుకోండి. రెండు మగవి వేస్తే తన్నుకుంటాయి. ఆడదానికి వీపు రెక్క వెనక వైపు నల్ల చుక్క ఉంటుంది, అదే గుర్తు.

నీళ్ళ దగ్గరే మనకి అదృష్టం. ఇది గట్టి నీళ్ళలో, అంటే సున్నం లాంటి లవణాలు ఎక్కువున్న నీళ్ళలో హాయిగా బతుకుతుంది, కాస్త ఉప్పదనం ఉన్నా తట్టుకుంటుంది, కాబట్టి సముద్రం వైపు ఊళ్ళలో బోరు నీళ్ళు మరీ ఉప్పగా లేకపోతే చాలు. రొయ్యల రైతులు నీళ్ళు చూపించుకునే ల్యాబులోనే ఒక సీసా ఇచ్చి పీహెచ్ (నీళ్ళ పులుపు, క్షారం కొలత), అమ్మోనియా చూపించండి. కాలువ నీళ్ళు మాత్రం వద్దు, చేలల్లో కొట్టిన మందులన్నీ అందులోకే దిగుతాయి.

హీటర్ అక్కర్లేదు. చలికాలం రాత్రుళ్ళు నీళ్ళు చల్లబడినా వాటికి మంచిదే. మే నెలే టెన్షన్: నీళ్ళు 30 డిగ్రీలు దాటితే ఊపిరాడక పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి, అప్పుడు ఎయిర్ పంపు ఆపకుండా నడిపి, నీటి మీదికి టేబుల్ ఫ్యాను పెట్టండి.

గోడల మీది పాచి తినేస్తుంది, అది చాలక లేత మొక్కల్నీ కొరుకుతుంది. ఉడికించిన తోటకూర, దోమపిల్లలు పెట్టండి. మూత లేకపోతే దూకుతుంది. నాదొకటి తెల్లారేసరికి బీరువా వెనక ఎండిపోయి కనపడింది, అప్పట్నుంచి పైన దోమతెర కట్టాను.

ఊలు దారాల కుచ్చు వేలాడదీస్తే గుడ్లు దానికే అంటిస్తాయి. మగది కాపలా కాస్తుంది గానీ నేను నమ్మను, కుచ్చు తీసి వేరే డబ్బాలో వేస్తాను. వారం పది రోజుల్లో పిల్లలొస్తాయి. పిల్లలు ఎక్కువైతే పెంచేవాళ్ళకిచ్చేయండి, కాలువలో మాత్రం వదలొద్దు. అక్కడ తల మీద వెండి చుక్కతో పైపైనే తిరిగే చిన్న చేపని చూశారా, పాంచాక్స్, అది మన సొంత కిల్లీఫిష్.