అమ్మతో శ్రీశైలం: బండిలో వెళ్లేవాళ్లకు

హైదరాబాద్ నుంచి శ్రీశైలం దాదాపు 215 కిలోమీటర్లు. ముందుగా గుర్తుంచుకోవాల్సింది మన్ననూరు చెక్‌పోస్టు. అడవి జంతువుల కోసం రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు బండ్లను వదలరు. ఒకసారి పది నిమిషాలు ఆలస్యమై, అమ్మ రాత్రంతా కారులోనే కూర్చుంది. అప్పటినుంచి తెల్లవారుజామున 4 గంటలకే బయలుదేరుతున్నాం. రైల్లో వచ్చేవాళ్లు మార్కాపురం రోడ్డు స్టేషన్‌లో దిగి, దోర్నాల మీదుగా బస్సెక్కాలి. గుడి శిఖరాన్ని దూరం నుంచే చూసి దండం పెట్టుకునే శిఖరం (శిఖరేశ్వరం) కొండ ఆ దారిలోనే ఉంది.

దారిలో కోతులకు ఏమీ పెట్టకండి, తిండి కోసం రోడ్డు మీదికొచ్చి బండ్ల కింద పడుతున్నాయి.

గుడికి రెండు మూడు కిలోమీటర్ల ముందు సాక్షి గణపతి దగ్గర ఆగండి. మనం వచ్చినట్టు ఆయనే సాక్ష్యం చెబుతాడంటారు. అమ్మ అక్కడ తన పేరు, గోత్రం గట్టిగా చెప్పుకుంటుంది.

మల్లన్న, భ్రమరాంబల దర్శనం కాగానే చాలామంది తిరుగు బండెక్కేస్తారు. దయచేసి అలా చేయకండి. ప్రాకారం గోడ బయటివైపు చుట్టూ నడవండి. ఏనుగులు, గుర్రాలు, వేటగాళ్లు, శివుడి కథలు వరుసలు వరుసలుగా చెక్కి ఉంటాయి. సాయంత్రం ఎండ వాలాక గంటసేపు కేటాయించండి. పాతాళగంగకు, అంటే కింద కృష్ణానదిలో స్నానం చేసే చోటికి, మెట్లు చాలా ఎక్కువ, మోకాళ్ల నొప్పులుంటే రోప్‌వే ఎక్కించండి.