ప్యాచ్ వేసుకున్నా టెస్టోస్టెరాన్ పెరగట్లేదా? ముందు టైం చూడండి

బెజవాడ సూర్యారావుపేట ఆసుపత్రుల్లో రిపోర్టు పట్టుకుని "ఈ ప్యాచ్ పనిచేయట్లేదండీ" అనేవాళ్లలో చాలామందికి అది బాగానే పనిచేస్తుంటుంది. టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్ తక్కువైనవాళ్లు ఒంటికి అంటించుకునే ఈ ప్యాచ్‌లు ఇక్కడి షాపుల్లో తేలిగ్గా దొరకవు, బయటి దేశాల నుంచి పిల్లలు తెచ్చేవే ఎక్కువ. రోజుకొకటి మార్చే ఆ రకం గురించే చెబుతున్నా. రాత్రి పదింటికి వీపు, పొట్ట, జబ్బ, తొడల్లో ఎక్కడో ఒకచోట అంటించాలని మీకు తెలిసే ఉంటుంది.

ఊడిపోతోంది. కొబ్బరినూనె, పౌడరు, లేదంటే చెమట. రోహిణి కార్తెలో మన ఊళ్లో చెమటకి ఏదీ నిలవదు, కాబట్టి తుడుచుకుని, ఫ్యాను కింద ఒళ్లు ఆరాక అంటించి అంచులు గట్టిగా నొక్కండి. పైన టేపు వేయొద్దు. మధ్యాహ్నం పన్నెండు లోపు ఊడితే కొత్తది వేయండి, తర్వాతైతే రాత్రి దాకా ఆగండి.

దురద, ఎర్రమచ్చ. ఒకసారి వేసిన చోట మళ్లీ వారం దాకా వేయకూడదు. అయినా తగ్గకపోతే డాక్టర్‌ని అడిగి దురద తగ్గించే 0.1 శాతం ట్రయామ్‌సినలోన్ క్రీమ్ ప్యాచ్ వేసే చోట ముందు రాసుకోవచ్చు. క్రీమే, ఆయింట్‌మెంట్ కాదు, అది హార్మోన్‌ని లోపలికి సరిగా పోనివ్వదు.

రోజూ మానకుండా వేస్తున్నా రిపోర్టులో తక్కువే. అందరూ పప్పులో కాలేసేది ఇక్కడే. సరుకు నకిలీదంటారు, డోసు చాలట్లేదంటారు, అంతేగానీ రక్తం ఎన్నింటికి ఇచ్చారు, అప్పటికి ప్యాచ్ ఒంటిమీద ఉందా అని ఒక్కరూ అడగరు.

మనవాళ్ల సంగతి తెలిసిందే కదా, ల్యాబ్‌కి పరగడుపున వెళ్లాలన్నా ముందు తెల్లారే స్నానం, దీపం, ఆ తర్వాతే గడప దాటడం. కొత్తది ఎలాగూ రాత్రికే కదా అని స్నానానికి ముందు పాతది పీకేస్తారు. ప్యాచ్‌లోని హార్మోన్ చర్మం పైపొర దాటి కిందున్న సన్నటి రక్తనాళాల్లోకి కొద్దికొద్దిగా చేరుతుంటుంది, అది కూడా ప్యాచ్ అంటుకుని ఉన్నంతసేపే. వేసిన దాదాపు 8 గంటలకి రక్తంలో బాగా పెరుగుతుంది, అంటే రాత్రి పదికి వేస్తే పొద్దున ఆరుకి. ఆరోగ్యంగా ఉన్న మగవాళ్లలోనూ పొద్దుటిపూటే ఎక్కువ ఉంటుంది, రాత్రి వేసుకోమనేది అందుకే. తీసేశాక మాత్రం సుమారు 70 నిమిషాలకోసారి సగమవుతూ పోతుంది. ఐదున్నరకి పీకేసి తొమ్మిదికి రక్తం ఇస్తే మూడుసార్లు సగమైనట్టే, ఇక ఏం మిగులుతుంది? ఆ అంకె చూసి డాక్టర్ 4 మిల్లీగ్రాములని 6కి పెంచుతారు, అవసరం లేని డోసు నెలల తరబడి సాగుతుంది. డోసు ఎక్కువైతే పెరిగే హిమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్రకణాల వాటా, 54 శాతం దాటిందంటే మొత్తం ఆపేయాల్సి వస్తుంది.

ఏం చేయాలంటే, మొదలుపెట్టిన రెండు వారాల తర్వాత, రాత్రి వేసిన ప్యాచ్ అలాగే ఉంచుకుని పొద్దున్నే రక్తం ఇవ్వండి. స్నానం ప్యాచ్‌తోనే చేయొచ్చు, వేసి 3 గంటలు దాటితే చాలు. ఇంటికొచ్చి రక్తం తీసే కుర్రాడు పదకొండుకి వస్తానంటే వద్దనండి. ప్యాచ్ వేసిన టైం, రక్తం ఇచ్చిన టైం రిపోర్టు మీదే పెన్నుతో రాసి డాక్టర్‌కి చూపించండి.

చర్మం అసలు పీల్చుకోకపోవడం అరుదు. ఇవన్నీ సరిచూసుకున్నాక కూడా తక్కువ వస్తే జెల్లో ఇంజెక్షనో డాక్టరే చెబుతారు. ఎమ్మారైకి వెళ్లేటప్పుడు మాత్రం తీసేయండి, కొన్నిటి వెనక అల్యూమినియం పొర ఉంటుంది, చర్మం కాలుతుంది. పిల్లలు కావాలనుకుంటున్నవాళ్లయితే ఆ మాట డాక్టర్‌కి ముందే చెప్పండి, టెస్టోస్టెరాన్ బయటినుంచి ఇస్తే వీర్యకణాలు తగ్గిపోతాయి.