లైనక్స్ నేర్చుకుందాం – ఐదో పాఠం: పాటల ప్లేయర్ కనబడకపోతే

పోయిన పాఠంలో టెర్మినల్ తెరిచి కమాండ్ కొట్టడం దాకా వచ్చాం. ఈసారి దాన్ని అసలు పనికి వాడదాం. పాటల ప్లేయర్‌ని కంప్యూటర్‌కి తగిలించారు, తెర మీద ఏమీ రాలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

మా కోనసీమలో చేలోకి నీళ్లు రాకపోతే ఎవరూ నేరుగా ధవళేశ్వరం వెళ్లి అడగరు. ముందు పక్కనున్న బోదె చూస్తారు, పూడిక పడిందేమోనని. తర్వాత తూము. ఆ తర్వాతే కాలువ, లాకులు. నీళ్లు ఎక్కడిదాకా వచ్చి ఆగాయో చూస్తారన్నమాట. మనమూ అదే వరుసలో వెళదాం: కేబులు, కెర్నెల్ (పరికరాలతో మాట్లాడే లైనక్స్ గుండెకాయ), డిస్కు, ఫైల్‌సిస్టమ్ (డిస్కులో ఫైళ్లను అమర్చే పద్ధతి). ఈలోగా ఎవరైనా "ఫార్మాట్ కొట్టెయ్యి, అదే బాగుపడుతుంది" అంటే దయచేసి వినకండి. పాటలు పోతాయి, తప్పు ఎక్కడుందో ఎప్పటికీ తెలియదు.

కమాండ్లను ఇక్కడ పలికినట్టు రాస్తున్నాను. మీరు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టండి.

ప్లేయర్ తగిలించకుండా ఒకసారి ఎల్ఎస్‌యూఎస్‌బీ కొట్టండి. ఇది యూఎస్‌బీ పరికరాల పట్టిక. తగిలించి ఇంకోసారి కొట్టండి. రెండోసారి ఒక వరుస ఎక్కువ వచ్చిందా? వస్తే కెర్నెల్‌కి ప్లేయర్ కనబడినట్టే. రాకపోతే ముందు కేబుల్‌ని అనుమానించండి. "ఛార్జింగ్ ఎక్కుతోంది కదండీ, కేబులు బాగానే ఉంది" అంటారు చాలామంది. యూఎస్‌బీ 2.0 కేబుల్లో నాలుగు తీగలుంటాయి: రెండు కరెంటుకి, రెండు సమాచారానికి. ఛార్జింగ్ కోసమే చేసిన కేబుళ్లలో సమాచారం తీగలు ఉండవు. అందుకే ప్లేయర్ మీద బ్యాటరీ బొమ్మ నిండుతూ ఉంటుంది, కంప్యూటర్‌కి మాత్రం కబురే చేరదు. ఇంకో కేబులుతో చూడండి. తర్వాత పోర్టు మార్చి చూడండి.

అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రం దగ్గర ఉండేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. టార్చి వేసి ప్లేయర్ పోర్టు లోపలికి చూడండి. ఉప్పుగాలికి పిన్నుల మీద పచ్చగా చిలుము పడుతుంది, జేబులో దూది పోగులు కూడా అడుగున ముద్దగా పేరుకుపోతాయి. ప్లేయర్ ఆపేసి, చెక్క టూత్‌పిక్‌తో మెల్లగా తీయండి. గుండుసూది మాత్రం పెట్టకండి, పిన్నులు వంగిపోతాయి.

కేబులు తగిలిస్తున్నప్పుడు కెర్నెల్ ఏమంటోందో వినాలంటే సుడో (అడ్మిన్ అధికారంతో నడపమని చెప్పే మాట), ఖాళీ, డీమెసేజ్: డీ, ఎం, ఈ, ఎస్, జీ అనే అయిదు అక్షరాలు, తర్వాత ఖాళీ వదిలి మైనస్ డబ్ల్యూ. ఇది కొట్టి అలాగే ఉంచి ప్లేయర్ తగిలించండి. వరుసలు ఒక్కొక్కటే పడతాయి. ఎర్రర్ మైనస్ 71 లేదా మైనస్ 110 అని వస్తుంటే చాలాసార్లు తప్పు కేబుల్లోనో, పోర్టులోనో, కరెంటు చాలకపోవడంలోనో ఉంటుంది. ఈ ఒక్క కమాండ్ అలవాటైతే మీకు సగం టెన్షన్ తగ్గుతుంది, ఎందుకంటే ఊహించడం మానేసి చదవడం మొదలుపెడతారు.

ఇప్పుడు ఎల్ఎస్‌బీఎల్‌కే కొట్టండి. ఇది డిస్కుల పట్టిక. నాలుగు జీబీ ప్లేయర్ ఇందులో సుమారు 3.7 అని కనబడుతుంది, కంగారు పడకండి, లెక్క కట్టే పద్ధతి వేరు. ఎల్ఎస్‌యూఎస్‌బీలో ఉండి ఇందులో లేకపోతే ప్లేయర్ బహుశా ఎంటీపీ పద్ధతిలో ఉంది, అంటే డిస్కులా కాకుండా ఫైళ్లు అడిగితే ఇచ్చే పరికరంలా మాట్లాడుతోంది. ప్లేయర్ సెట్టింగుల్లో యూఎస్‌బీ మోడ్ ఉంటే ఎంఎస్‌సీకి, అంటే డిస్కులా కనబడే పద్ధతికి, మార్చి మళ్లీ తగిలించండి.

డిస్కు కనబడుతోంది గానీ పాటలు ఎక్కించనివ్వదు, చదవడానికి మాత్రమే అంటుందా? పోయినసారి ఎజెక్ట్ చేయకుండా లాగేసి ఉంటారు. కాపీ గీత నిండిపోయినా పాటలు ఇంకా ర్యామ్‌లోనే ఉండొచ్చు, ప్లేయర్‌లోకి పూర్తిగా రాసి ఉండకపోవచ్చు. ముందు ప్లేయర్‌ని అన్‌మౌంట్ చేసి (కేబులు తీయకుండానే, కంప్యూటర్ దాన్ని వాడటం ఆపేలా చేసి), సుడో ఎఫ్ఎస్‌సీకే డాట్ వీఫ్యాట్, ఖాళీ, మైనస్ ఏ, ఖాళీ, స్లాష్ డెవ్ స్లాష్ ఎస్‌డీబీ1 అని కొట్టాలి. ఇది ఫైల్‌సిస్టమ్‌లో తప్పులు వెతికి సరిచేస్తుంది. ఎస్‌డీబీ1 నా కంప్యూటర్లో పేరు. మీ పట్టికలో సైజు చూసి మీ పేరు రాయండి. ఎస్‌డీఏ చాలా కంప్యూటర్లలో సొంత డిస్కు. ఎంటర్ నొక్కేముందు రెండుసార్లు చదవండి.

ఇక అంబాజీపేటలో మా మావయ్యకి ఎదురైనది. రోజూ పొద్దున్నే కొబ్బరితోటలో పద్యాలు వింటారాయన. ఒకరోజు ఫోన్ చేశారు.

"అల్లుడూ, పాతవన్నీ చెరిపేశాను. అయినా చోటు లేదంటోంది. పాడైపోయిందంటావా?"

"ప్లేయర్లో చెరిపారా మావయ్యా, కంప్యూటర్లోనా?"

"కంప్యూటర్లోనే. డిలీట్ నొక్కాను, పోయాయి."

పోలేదు. ప్లేయర్ తెరిచి కంట్రోల్, హెచ్ కలిపి నొక్కమన్నాను. దాగిన ఫోల్డర్లు బయటపడ్డాయి. చుక్కతో మొదలయ్యే ట్రాష్-1000 అనేది ఒకటి కనిపించింది, దాని లోపల పద్యాలన్నీ భద్రంగా ఉన్నాయి. లైనక్స్‌లో ఫైల్ మేనేజర్ నుంచి డిలీట్ చేస్తే ఫైళ్లు ఆ ప్లేయర్‌లోనే ఉన్న చెత్తబుట్టలోకి వెళతాయి, చోటు ఖాళీ అవదు. ప్లేయర్ తగిలించి ఉండగానే చెత్తబుట్ట ఖాళీ చేస్తే సరిపోతుంది. ఆ 1000 ఏమిటంటే, కంప్యూటర్లో మొదట చేరిన వాడుకరికి మామూలుగా ఇచ్చే నంబరు. బుట్ట ఖాళీ చేసేముందు మావయ్య రెండు పద్యాలు వెనక్కి తీసుకున్నారు, అవి పొరపాటున చెరిపేశారట.

అభ్యాసం: ప్లేయర్ లేకుండా ఒకసారి, తగిలించి ఒకసారి ఎల్ఎస్‌యూఎస్‌బీ, ఎల్ఎస్‌బీఎల్‌కే కొట్టి, కొత్తగా వచ్చిన వరుసల్ని కాగితం మీద రాసుకోండి. ఆరో పాఠానికి ఆ కాగితం కావాలి. పాటలు వరుస తప్పి ఎందుకు మోగుతాయో, తెలుగు పేర్లు డబ్బాలుగా ఎందుకు కనిపిస్తాయో అందులో చూద్దాం.