రేకుల పనిలో తెగేది ఎక్కువగా ఎడమ చెయ్యే

షెడ్లకు రేకులు వేసే మా టీమ్‌లో ఏడుగురం. పోయిన వారం టీ తాగుతూ ఊరికే అందరి చేతులూ చాపించి చూశాను. గాట్లు, కుట్ల మచ్చలు, గోరు ఊడిపోయి మళ్ళీ వంకరగా మొలిచిన వేళ్ళు... అన్నీ లెక్కేస్తే ముప్పావు వంతు ఎడమ చేతి మీదే ఉన్నాయి. మాలో ఒక్కడిది ఎడమచేతి వాటం, వాడికి మాత్రం కుడి చేతి మీద ఉన్నాయి. అంటే మిషన్ పట్టుకున్న చెయ్యి బాగానే ఉంటోంది, రేకును పట్టుకున్న చెయ్యి తెగుతోంది. గ్లౌజులు వేసుకోండి అని అందరూ చెప్తారు, నేనూ చెప్తాను. కానీ ప్రతి పనికీ ముందు ఒకసారి చూసుకోవాల్సింది ఇంకొకటుంది. మిషన్ పట్టుకోని ఆ రెండో చెయ్యి ఎక్కడుంది, ఏదైనా జారితే నేరుగా దాని మీదికే వస్తుందా అని.

నా సంగతే చెప్తాను. హైదరాబాద్ జీడిమెట్లలో ఒక షెడ్డు మీద 12 అడుగుల రేకు పైకి అందుకుంటున్నాను. గాలి కొట్టింది, రేకు జారింది. పోతే పోనివ్వాలి కదా, పట్టుకున్నాను. 0.45 ఎం.ఎం. రేకు, దాని బరువంతా కిందికి లాగుతుంటే అరచేతిలో రంపం లాగినట్టు దిగింది. బొటనవేలి మొదట్లో తొమ్మిది కుట్లు పడ్డాయి. అప్పట్లో ఆ రేకు ఖరీదు వెయ్యి రూపాయల చిల్లర, నేను ఇంట్లో కూర్చున్నది ఐదు వారాలు.

అందుకే మా దగ్గర మొదటి రూలు, జారుతున్న రేకును పట్టుకోవద్దు. చెప్పడం తేలికే గానీ చెయ్యి దానంతట అదే ముందుకు పోతుంది, ఆ క్షణంలో ఆలోచించే టైమ్ ఉండదు. కాబట్టి ముందే ఏర్పాటు చేసుకోవాలి. రేకు ఎక్కించేటప్పుడు కింద ఎవరూ నిలబడకుండా తాడు కట్టేయండి, కింద మనిషి లేడని తెలిస్తేనే పైవాడికి వదిలేసే ధైర్యం వస్తుంది. "వదిలెయ్" అని ఒక్కరు అరిస్తే అందరూ వదలాలి, మేస్త్రీ చెప్తేనే అని కాదు, హెల్పర్ అరిచినా సరే. రేకును ఉత్త చేతులతో అందుకునే బదులు వైస్ గ్రిప్‌తో (బిగిస్తే లాక్ అయ్యే పట్టకారు) బిగించి, దానికి తాడు కట్టి లాగితే చెయ్యి అంచు దగ్గరికే పోదు. గాలి దుమారం వచ్చే సాయంత్రాలు మనకు ఏప్రిల్, మే నెలల్లో ఎక్కువ కదా, పడమర మబ్బు పట్టిందంటే పొడవు రేకులు ఎక్కించడం ఆపేయడం మంచిది.

మోసేటప్పుడు కూడా ఇంతే. ఫ్యాక్టరీలో కోసిన అంచు కాస్త నయం, సైట్‌లో మనం కోసిన అంచుకు సన్నటి ముళ్ళలాగా లోహం లేచి ఉంటుంది, చూస్తే కనపడదు. కోసిన వెంటనే ఆకురాయితో రెండుసార్లు రుద్దితే అర నిమిషం పని, రోజంతా దాన్ని ముట్టుకునేది మనమే. ఇద్దరు మోస్తుంటే ముందువాడు ఆగే ముందు చెప్పాలి, లేకపోతే వెనకవాడి చేతుల్లోకి రేకు పొడుచుకొస్తుంది. దించేటప్పుడు కింద రెండు చెక్క ముక్కలు పెట్టుకోండి. నేల మీద నేరుగా దించితే ఆఖరి అంగుళంలో వేళ్ళు కింద ఇరుక్కుంటాయి, గోర్లు నల్లబడేది అక్కడే. చాలా రోజులుగా పడి ఉన్న రేకుల దొంతరలోకి చెయ్యి దూర్చొద్దు, ముందు కర్రతో కదిపి చూడండి. శివార్లలో, బొల్లారం, పటాన్‌చెరు వైపు తేళ్ళు మామూలే, పాత షెడ్డయితే రేకుల కింద కందిరీగలు గూళ్ళు పెడతాయి.

పనికి ఎక్కే ముందు ఉంగరాలు తీసేయాలి. ఇది చెప్తే మావాళ్ళకు కోపం వస్తుంది, ఎందుకంటే పగడం ఉంగరం తీస్తే గ్రహం కోపగించుకుంటుందని ఒకడికి భయం, పెళ్ళి ఉంగరం తీస్తే ఇంట్లో గొడవని ఇంకొకడికి. నిచ్చెన మీద నుంచి దూకుతూ ఉంగరం బోల్టుకు తగులుకుంటే ఒంటి బరువంతా ఆ ఒక్క వేలి మీద పడి చర్మం తొడుగు ఊడినట్టు ఊడొస్తుంది. కొన్నిసార్లు వేలే పోతుంది. ఉంగరాన్ని మెడలో గొలుసుకు వేసుకోకుండా, టిఫిన్ డబ్బాలో పెట్టండి. కడియం, చేతికి కట్టుకునే ఎర్రదారం, తావీజు కూడా తీసేయండి, తీయడం ఇష్టం లేకపోతే మోచేతి పైకి కట్టుకుని చొక్కా చేతుల కింద దాచుకోండి.

ఇక స్క్రూలు. సెల్ఫ్ డ్రిల్లింగ్ స్క్రూను, అంటే రంధ్రం తనే చేసుకుంటూ దిగే స్క్రూను, ఎడమ చేతి రెండు వేళ్ళతో పట్టుకుని కుడి చేత్తో మిషన్ తిప్పడం మనందరి అలవాటు. స్క్రూ జారిందంటే దాని మొన గానీ, మిషన్ కొనకుండే, స్క్రూ తలను పట్టి తిప్పే సాకెట్ గానీ వేలి మీదికే వస్తుంది. 8 ఎం.ఎం. మాగ్నెట్ సాకెట్ వేసుకుంటే స్క్రూను అదే పట్టుకుంటుంది, వేళ్ళతో పని లేదు. చాలామంది దగ్గర ఉంటుంది కానీ ఇనుప పొడి నిండిపోయి అయస్కాంతం పట్టు తగ్గి ఉంటుంది, గుడ్డతో తుడిచేస్తే చాలు. రేకు మీద స్క్రూ నిలవకుండా తిరుగుతుంటే సెంటర్ పంచ్‌తో చిన్న గుంట కొట్టి అక్కడ మొదలుపెట్టండి. ఈ పనికి దారాలు లేచిన నూలు గ్లౌజులు అస్సలు వద్దు. తిరిగే సాకెట్‌కు ఒక్క పోగు చుట్టుకుంటే గ్లౌజు మొత్తాన్ని, లోపల వేలితో సహా లాక్కుంటుంది. వేళ్ళకు అతుక్కుని ఉండే సన్నటి పీయూ (పాలీయురేథేన్) కోటింగ్ గ్లౌజులు వేసుకోండి, అప్పుడు కూడా చేతిని తిరిగే భాగానికి దూరంగానే ఉంచండి. పాత షెడ్లలో రేకులను పట్టి ఉంచే జే బోల్టులు (కొక్కెంలా వంగి ఉండేవి) తుప్పుపట్టి ఉంటాయి, స్పానర్‌ను మన వైపుకు లాగాలి, అవతలికి నెట్టకూడదు. నెట్టేటప్పుడు నట్టు ఒక్కసారిగా వదిలిందంటే పిడికిలి పోయి పర్లిన్‌కు, అంటే రేకుల కింద అడ్డంగా ఉండే దూలానికి గుద్దుకుంటుంది. నెట్టక తప్పని చోట అరచెయ్యి తెరిచి నెట్టండి.

గ్లౌజుల గురించి ఎంత చెప్పినా తక్కువే, ఎందుకంటే "గ్లౌజులు వేసుకుంటే పని స్లో అవుతుంది" అనే మాట నిజమే, తప్పు గ్లౌజులు వేసుకున్నప్పుడు. అరచేతిలో చుక్కలుండే తెల్ల నూలు గ్లౌజులు ఇచ్చి కాంట్రాక్టర్ చేతులు దులుపుకుంటాడు. అవి మురికిని ఆపుతాయి, రేకు అంచును ఆపవు. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో సేఫ్టీ సామాన్ల దుకాణాలు వరసగా ఉంటాయి, అక్కడికి వెళ్ళి కట్ రెసిస్టెంట్ గ్లౌజులు అని అడగండి, రెండు మూడు వందల్లో దొరుకుతాయి. వాటి మీద ఈఎన్ 388 (గ్లౌజులకు యూరప్ ప్రమాణం) అని రాసి, సుత్తె బొమ్మ పక్కన అంకెలు, అక్షరాలు ఉంటాయి. మొదటి అంకె రాపిడికి, రెండోది కోతకు, మూడోది చినుగుడుకు, నాలుగోది పొడుచుకుపోవడానికి. ఆ తర్వాత ఏ నుంచి ఎఫ్ వరకు వచ్చే ఇంగ్లిష్ అక్షరం కూడా కోతకు సంబంధించినదే, 2016లో చేర్చిన కొత్త పరీక్ష అది. రేకు పనికి నేను చూసేది ఈ అక్షరమే, సి గానీ డి గానీ ఉంటే తీసుకుంటాను. ఎక్స్ అని ఉంటే ఆ పరీక్ష చేయలేదని అర్థం. నాలుగో అంకెను కూడా చూడండి, ఎందుకంటే కోతను బాగా ఆపే అల్లిక గ్లౌజు కూడా స్క్రూ మొనను ఆపకపోవచ్చు, అల్లిక సందులోంచి దూరిపోతుంది. దుకాణంలోనే చేతికి వేసుకుని, జేబులోంచి ఒక స్క్రూ తీసి గల్లా బల్ల మీద పెట్టి రెండు వేళ్ళతో ఎత్తండి. ఎత్తలేకపోతే అది మీ సైజు కాదు, కొన్నా పైకెక్కాక తీసి జేబులో పెట్టుకుంటారు. సైజులు మామూలుగా 7 నుంచి 10 దాకా ఉంటాయి. సన్నగా ఉండే కుర్రాళ్ళకు 10 సైజు అంటగడితే వేలి చివర్లు వేలాడుతూ ఏదో ఒకదానికి తగులుకుంటాయి.

నేను ఒక్కొక్కరికి మూడు జతలు పెడతాను. రేకు మోయడానికి కట్ గ్లౌజులు, స్క్రూలకు పీయూవి, పాత షెడ్డు విప్పడానికి మందపాటి తోలువి. ఖర్చెక్కువ అనిపిస్తుంది, కానీ ఒక్కో పనికే వాడతాం కాబట్టి ఎక్కువ కాలం వస్తాయి. అరచేతిలో చిరుగు పడితే మాత్రం మారు మాట లేకుండా పారేయాలి.

రేకు కోసే గ్రైండర్‌కు ఏ గ్లౌజూ సరిపోదు, తిరిగే వీల్ తగిలితే కట్ గ్లౌజు కూడా తెగుతుంది. అక్కడ కాపాడేది గార్డు (వీల్ మీది తొడుగు), పక్క హ్యాండిల్, రెండు చేతులూ మిషన్ మీదే ఉండటం. గార్డు పీకేసి వాడేవాళ్ళను అడిగితే అడ్డొస్తుందంటారు. అడ్డు రావడానికే పెట్టారు దాన్ని! ఎడమ చేత్తో రేకు, కుడి చేత్తో గ్రైండర్ అనేది మాత్రం ఎంత చిన్న ముక్కయినా వద్దు, రేకును క్లాంప్‌తో బిగించండి. నాలుగు అంగుళాల గ్రైండర్‌కు చెక్క కోసే పళ్ళ బ్లేడు బిగించడం ఊరంతా చూస్తుంటాం, అది ఇరుక్కుంటే మిషన్ ఎగిరి ఒంటి మీదికొస్తుంది. కటింగ్ వీల్ మధ్యలో ఇనుప రింగు మీద గడువు తేదీ ఉంటుంది, చూసి కొనండి, వానలో తడిసింది వాడకండి. స్విచ్ ఆపాక కూడా వీల్ కొన్ని సెకన్లు తిరుగుతూనే ఉంటుంది, అది ఆగేదాకా కింద పెట్టొద్దు. అసలు కలర్ రేకుకు గ్రైండర్ కంటే రేకు కత్తెర గానీ నిబ్లర్ (రేకును చిన్న చిన్న ముక్కలుగా కొరికి కోసే మిషన్) గానీ మేలు. కోత వేడికి రంగు కాలిపోయి ఏడాదిలో అక్కడే తుప్పు మొదలవుతుంది, అప్పుడు ఓనర్ మళ్ళీ మనకే ఫోన్ చేస్తాడు.

ఎండాకాలం సంగతి వేరుగా చెప్పాలి. బయట 42 డిగ్రీలుంటే ఎండలో ఉన్న రేకు 60 దాటుతుంది, ఉత్త చెయ్యి కొన్ని సెకన్లు ఆనిస్తే బొబ్బలే. పొద్దున ఆరింటికి ఎక్కి పదకొండుకు దిగేయడం మా పద్ధతి. చెమట పట్టిన గ్లౌజు లోపల చెయ్యి జారుతుంది, పట్టు ఉండదు, అందుకే ఇంకో పొడి జత దగ్గర పెట్టుకోండి.

సంక్రాంతి తర్వాత నెల రోజులు ఇంకో గొడవ. ధూల్‌పేట, పాతబస్తీ అనే కాదు, ఊళ్ళో ఏ డాబా, ఏ షెడ్డు ఎక్కినా మాంజా దారాలు చిక్కుకుని ఉంటాయి. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రైబ్యునల్ 2017లోనే నిషేధించినా ఇంకా కనిపిస్తూనే ఉంది. చేతికి చుట్టుకుని లాగొద్దు, ఎముక దాకా కోస్తుంది. కత్తెరతో ముక్కలు చేసి తీయండి. దాని రెండో కొస కరెంటు తీగ మీద ఉంటే అసలు ముట్టుకోవద్దు.

సిమెంటు రేకులు కోతకంటే విరగడంతో చేతులు చీరేస్తాయి, తోలు గ్లౌజులు చాలు. పాతవాటిలోనే కాదు, కొత్తవాటిలో కూడా చాలావాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, పొడిగా గ్రైండర్‌తో కోయకండి. ఇది చేతుల ముచ్చట కాదు, ఊపిరితిత్తులది, అయినా చెప్పకుండా ఉండలేను. వాటర్‌ప్రూఫింగ్‌లో తడి సిమెంటు పట్టుకునేవాళ్ళకు రబ్బరు గ్లౌజులు తప్పనిసరి, సిమెంటు క్షారం చర్మాన్ని మెల్లగా తినేస్తుంది, మంట తెలిసేసరికి పుండు పడి ఉంటుంది. వేడి తారు చేతి మీద పడితే పీకొద్దు, చల్లని నీళ్ళు ధారగా 20 నిమిషాలు పోసి దవాఖానాకు తీసుకెళ్ళండి.

తెగిందనుకోండి. పసుపు, కాఫీపొడి, సున్నం, కిరోసిన్, ఏవీ వద్దు. శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు గట్టిగా అదిమి, చెయ్యి పైకెత్తి పట్టుకోండి, మధ్యలో తీసి చూడొద్దు. రక్తం ఆగాక ఒక్కో వేలిని ఒక్కో కణుపు దగ్గర వంచి, చాపి చూడండి, వేలి చివర రెండు పక్కలా ముట్టుకుని స్పర్శ తెలుస్తోందా చూడండి. గాయం చిన్నదే అయినా వేలు వంగకపోతే, మొద్దుబారితే నరమో, కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తాడో తెగి ఉండొచ్చు. ఆ రోజే వెళ్ళాలి, రెండు వారాలాగితే కుట్టడం కష్టమవుతుంది. వేలు పూర్తిగా తెగిపడితే దాన్ని తడిపిన గాజ్ గుడ్డలో (గాయానికి కట్టు కట్టేది) చుట్టి, ప్లాస్టిక్ కవరులో పెట్టి మూతి కట్టి, ఆ కవరును ఐసు నీళ్ళలో ఉంచండి, వేలికి ఐసు నేరుగా తగలకూడదు. 108కి ఫోన్ చేసి, ప్లాస్టిక్ సర్జరీ ఉన్న చోటికే వెళ్ళాలని చెప్పండి. ఉస్మానియా, గాంధీ, నిమ్స్‌లో ఆ విభాగాలున్నాయి. మధ్యలో చిన్న క్లినిక్‌లు తిరుగుతూ గంటలు పోగొట్టొద్దు.

ధనుర్వాతం ఇంజెక్షన్ (టీటీ లేదా టీడీ) పదేళ్ళకోసారి కావాలి, మురికి గాయమైతే ఐదేళ్ళు దాటినా మళ్ళీ వేస్తారు. ఎప్పుడు వేయించుకున్నావని అక్కడ అడిగితే మనలో సగం మంది నోళ్ళు వెళ్ళబెడతాం, కాబట్టి వేయించుకున్న రోజే ఆ తేదీని ఫోన్‌లో రాసి పెట్టుకోండి, ఒక కాపీ మేస్త్రీకి పంపండి.